పెరట్లో కాస్త మట్టి మిగల్చండి, పిట్టలూ తేనెటీగలూ అవే వస్తాయి

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని పెద్దవాళ్లంటారు. ఆ చలి పోయిన దగ్గర్నుంచి ఉగాది దాకా ఉండే రోజులున్నాయి చూడండి, మా వరంగల్ జిల్లా నర్సంపేట దిక్కు పల్లెల్లో ఏడాది మొత్తంలో పిట్టల సందడి ఎక్కువగా ఉండేది అప్పుడే. పాకాల రోడ్డెమ్మట మోదుగలు ఎర్రగా పూసి ఉంటాయి, బూరుగు చెట్టు ఆకంతా రాల్చేసి ఒట్టి పువ్వులతో నిలబడుతుంది, దాని మీద గోరింకలు, కాకులు, పికిలిపిట్టలు, తేనెపిట్టలు పొద్దున్నే చేరి చేసే గోల పక్క చేను దాకా వినిపిస్తుంది. అది అడవి సంగతి, రోడ్డు సంగతి. నేను చెప్పాలనుకున్నది ఇంటి వెనక సంగతి.

ఎండలు ముదరగానే ఫోన్లో అందరూ "పిట్టలకు నీళ్లు పెట్టండి, గుప్పెడు గింజలు చల్లండి" అని మెసేజ్‌లు పంపుతుంటారు. మంచి మాటే, పెట్టాలి కూడా. కానీ ఇన్నేళ్లుగా మా పెరట్లో చూస్తూ నాకు గట్టిగా అర్థమైంది ఒక్కటే, పిట్టకైనా తేనెటీగకైనా తిండి కన్నా ముందు చోటు కావాలి. గూడు పెట్టుకోను చోటు లేని ఇంటికి ఎన్ని గింజలు చల్లినా అవి తిని ఎగిరిపోతాయి తప్ప ఉండవు. చోటుంటే మాత్రం తిండి సగం అవే వెతుక్కుంటాయి.

మా పాతిల్లు గూనపెంకులది. పెంకుల సందుల్లో పిచ్చుకలుండేవి, అర్రలో వేలాడే దేవుడి పటాల వెనక కూడా గడ్డి తెచ్చి పెట్టేవి, అది మీద పడుతుంటే మా అమ్మ తిట్టుకుంటూనే ఊడ్చేది గానీ గూడు మాత్రం తీయనిచ్చేది కాదు. వెనక మట్టి గోడకు సన్నటి బొక్కలుండేవి, వాటిలోకి ఏవో ఈగలు పోయి వస్తుండేవి. దూలంలో తుమ్మెద తొలిచిన బొక్క, దాని కింద నేల మీద రంపపు పొట్టు లాంటి పొడి. కందికట్టెతో కట్టిన దడి. వీటన్నిటినీ ఎవరూ పిలిచి పెంచలేదు, మనం ఇల్లు కట్టుకున్న తీరులోనే వాటికీ చోటు దొరికింది. ఇప్పుడు ఊళ్లో అన్నీ స్లాబు ఇళ్లే, చుట్టూ ప్రహరీ, ప్రహరీ లోపల అంచు నుంచి అంచు దాకా సిమెంటు. ఊడ్చుకోవడం సులువు, వానాకాలం బురద ఉండదు, పాముల భయం తగ్గుతుంది, అన్నీ నిజమే. నేను కూడా స్లాబు ఇంట్లోనే ఉంటున్నా, ఎవర్నీ తప్పు పట్టను. నా విన్నపం ఒకటే, మొత్తం గచ్చు చెయ్యకండి. వెనక మూలకు రెండు మంచాలు పట్టేంత జాగా అయినా మట్టిగానే ఉంచండి.

ఎందుకంటే, తేనెటీగ అనగానే మనకు తుట్టె గుర్తొస్తుంది గానీ, ప్రపంచంలో దాదాపు 20 వేల రకాల తేనెటీగలుంటే వాటిలో తుట్టె పెట్టి తేనె కూడబెట్టేవి చాలా తక్కువ. మిగతావాటిలో ఎక్కువ శాతం ఒంటరివి. రాణి, కూలీలు, కాపలా ఏమీ ఉండవు, ఒక్క ఆడ ఈగే గూడు తవ్వుకుంటుంది, పుప్పొడి ముద్ద చేసి పెడుతుంది, దాని మీద గుడ్డు పెట్టి మూత వేసి పోతుంది. ఇలాంటివి చాలావరకు నేలలోనే గూళ్లు చేస్తాయి. గచ్చు పోసిన చోట అవి ఎక్కడ తవ్వాలి? గడ్డి కూడా మరీ మందంగా ఉండకూడదు, అక్కడక్కడ బోడిగా ఎండ తగిలే నేల కావాలి. నీళ్లు నిలవని, కాస్త ఎత్తుగా ఉన్న చోటైతే ఇంకా మంచిది.

మా పెరట్లో స్నానాల గది వెనక గోడ మొదట్లో అలాంటి జాగా ఉంది. అక్కడికి పొట్ట మీద మెరిసే నీలం చారలున్న తేనెటీగలు వస్తాయి. చూడ్డానికి మామూలు తేనెటీగంతే ఉంటుంది, కానీ ఒక దగ్గర నిలవదు, గాల్లో ఆగి ఆగి సర్రున పక్కకు పోతుంది. పాత మట్టి గోడల్లో బొక్కలు చేసేవాటిలో ఇవి కూడా ఉంటాయి. పొద్దుగూకే వేళ దీని మగ ఈగలు చేసే పని చూసి తీరాలి. ఎండిపోయిన తులసి కొమ్మనో గునుగు కాడనో ఎంచుకుని, నోటితో ఆ పుల్లను కరిచి పట్టుకుని, కాళ్లు ముడుచుకుని వరసగా వేలాడుతూ నిద్రపోతాయి. అవును, దవడల పట్టుతోనే రాత్రంతా! వాటికి గూడు లేదు, గూళ్లన్నీ ఆడవాటివే. అందుకే నేను ఎండిన గునుగు, తులసి పుల్లలు పీకను. మా పక్కింటి పెద్దవ్వ ఒకరోజు గోడ మీంచి చూసి, "ఏంది బిడ్డా, గా ఎండు పుల్లలన్ని గట్లనే ఉంచినవ్, పీకి పొయ్యిల వెట్టరాదా" అంది. పొద్దుగూకినంక రమ్మని చూపించాను. కొంచెంసేపు వంగి చూసి, "నా చిన్నప్పుడు మా దొడ్లె గోడ నిండ ఉండేటియి గివి. ఏడవొయినయో అనుకున్న" అంది. తర్వాత వాళ్ల పెరట్లో కూడా పుల్లలు అట్లనే ఉన్నాయి.

ఇక తుమ్మెద. నల్లగా, బొటనవేలి గోరు కన్నా పెద్దగా, రెక్కలు ఎండలో నీలంగా మెరుస్తూ ఉండేదాన్నే నేను చెబుతున్నా. దీన్ని చూస్తే పిల్లలు పరుగు తీస్తారు. మీదికొచ్చి ఎగురుతూ బెదిరించేది చాలాసార్లు మగదే, దానికి ముల్లే ఉండదు. ఆడది కుట్టగలదు గానీ చేత్తో పట్టుకుంటే తప్ప కుట్టదు. వంకాయ చెట్ల దగ్గర పొద్దున ఎనిమిది తొమ్మిదింటికి కూర్చుని చెవులు పెట్టండి. తుమ్మెద గుయ్యిమంటూ వస్తుంది, పువ్వు మీద వాలుతుంది, మధ్యలో ఉండే పసుపుపచ్చటి కాడల గుత్తిని కాళ్లతో వాటేసుకుంటుంది, ఒక్కసారిగా శబ్దం మారిపోతుంది. ఎగిరేటప్పటి గుయ్యి ఆగి, సన్నగా తీక్షణంగా జీమనే మోత వస్తుంది. రెక్కలు కదలవు, ఒళ్లు మాత్రం అదురుతుంది. వంకాయ పువ్వులో పుప్పొడి బయట ఉండదు, ఆ పసుపుపచ్చటి గొట్టాల లోపల ఉంటుంది, కొసన సూదిమొన అంత రంధ్రం. అదిరిస్తేనే రాలుతుంది. టమాట కూడా అంతే. నీలిచారల ఈగకు కూడా ఈ విద్య వచ్చు. మనం తేనె కోసం పెట్టెల్లో పెంచే తేనెటీగకు ఇది రాదు. వంకాయ, టమాట తమంతట తామే కాయగలవు, గాలికి ఊగినా కొంత పుప్పొడి రాలుతుంది, కానీ ఈ అదిరింపు తగిలితే కాత బాగుంటుంది.

మన తంగేడు సంగతి కూడా ఇదే. బతుకమ్మ మీద పేర్చే ఆ పువ్వులో తేనె ఉండదు, పుప్పొడే ఉంటుంది, అదీ అదిరిస్తేనే వస్తుంది. తెలంగాణ రాష్ట్ర పుష్పం అని పేరు పెట్టుకున్నాం, ఊరి చుట్టూ రోడ్లు వెడల్పు చేసి, గట్లు చదును చేసి తంగేడు పొదలన్నీ తీసేస్తున్నాం. బతుకమ్మకు తంగేడు కోసం ఆటో మాట్లాడుకుని పోయే రోజులొచ్చాయి మా ఊళ్లో. తంగేడు మిగలాలంటే తుమ్మెద మిగలాలి, తుమ్మెద మిగలాలంటే దానికి తొలుచుకోను ఎండుకట్టె ఉండాలి. కాబట్టి పాత దూలం ముక్కనో, మంచం కోడునో, ఎండిన మునగ మొద్దునో వాన తగలని చోట ఒక మూలన నిలబెట్టండి. ఇంటి వాసాలు తొలుస్తుందని భయముంటే వాటికి రంగు వేసుకోండి, రంగు లేని ఒట్టి కట్టె కనిపించకపోతే అది పెద్దగా ముట్టుకోదు.

గులాబీ ఆకుల అంచులు పైసా బిళ్లతో కోసినట్టు గుండ్రంగా కత్తిరించి ఉంటే పురుగు పట్టిందని మందు కొట్టకండి. అది ఆకు కోసే తేనెటీగ పని. కందాకు కూడా కోస్తుంది. ఆ ముక్కను పొట్ట కింద చుట్టుకుని మోసుకుపోయి, ఏదో బొక్కలో చుట్ట లాగా పేర్చి, పిల్లలకు అర్రలు కడుతుంది. చెట్టుకు ఏ నష్టమూ ఉండదు. వీటికి ఇల్లు కట్టడం చాలా సులువు. సన్న వెదురు బొంగులు జానెడు పొడవున, ఒకవైపు కణుపు ఉండేలా కోయాలి, రంధ్రాలు పెన్సిలంత నుంచి చిటికెనవేలంత దాకా రకరకాలుగా ఉండాలి, కట్ట కట్టి గోడకు చూరు కింద పొద్దుటి ఎండ తగిలేలా అడ్డంగా బిగించాలి. గాలికి ఊగకూడదు. ఎండిన ఆముదం కాడలు కూడా పనికొస్తాయి. మూతికి ఆకు ముక్కలతోనో మట్టితోనో మూత పడిందంటే లోపల పిల్లలున్నట్టే, ఇక కదిలించొద్దు. మట్టి మూత కొన్నిసార్లు కందిరీగ జాతి వాటిది కూడా కావచ్చు, వాటినీ ఉండనివ్వండి, వాటిలో చాలావరకు మన కూరగాయల మీది గొంగళిపురుగుల్నే పట్టుకుపోయి పిల్లలకు పెడతాయి.

పిట్టల విషయంలో అందరికీ ముందు కోకిల కావాలి. మామిడి పిందె పట్టే రోజుల్లో దాని కూత వినకపోతే ఉగాది వచ్చినట్టే ఉండదు. ఆ కూసేది మగ కోకిల, నల్లగా ఎర్ర కళ్లతో ఉంటుంది. ఆడది గోధుమ రంగు మీద చుక్కలతో ఉంటుంది, అది అట్లా పాడదు, కిక్ కిక్ కిక్ అని అరుస్తుంది. కోకిల గుడ్లు పెట్టేది కాకి గూట్లో, ఇది చిన్నప్పుడు అందరం చదువుకున్నదే. మరి వేపచెట్టు మీద కాకి గూడు పెడితే పొడుస్తుందని కర్ర పెట్టి పడేస్తాం, కోకిల మాత్రం కావాలంటాం. కాకి గూడు ఉండనివ్వండి. పిల్లలున్నన్ని రోజులు కాకి తల మీద తన్నడానికి వస్తుంది, ఆ కొన్ని వారాలు ఆ చెట్టు కింద నుంచి పోకుండా ఉంటే సరిపోతుంది.

కంసాలి పిట్ట పేరు చాలామందికి తెలియదు గానీ దాని కూత తెలియని వాళ్లుండరు, ఎండ పూట ఎక్కడో టుక్ టుక్ టుక్ అని ఆగకుండా రాగిబిందె మీద సుత్తితో కొట్టినట్టు వినిపించేది అదే. పచ్చగా, పిచ్చుకంతే ఉంటుంది, నుదుటి మీద ఎర్ర బొట్టు. మర్రి, రావి, మేడిపళ్లు దాని తిండి. గూడు మాత్రం ఎండిపోయిన మెత్తటి కొమ్మకు కింది వైపు గుండ్రంగా బొక్క తొలిచి పెడుతుంది. మనమేమో చెట్టుకు ఎండుకొమ్మ కనిపిస్తే చాలు గొడ్డలి తీస్తాం. ఇంటి మీదో దారి మీదో పడేలా ఉంటే కొట్టాలి, తప్పదు. వెనక మూలన ఉన్న మునగ కొమ్మతో ఏం నష్టం? కంసాలి పిట్టలు, వడ్రంగిపిట్టలు తొలిచి వదిలేసిన బొక్కల్లోనే తర్వాత సొంతంగా తొలవలేని పిట్టలు చేరతాయి. పాలపిట్ట కూడా చెట్టు తొర్రల్లోనే గుడ్లు పెడుతుంది, తల విరిగిన మోడు తాటిచెట్లంటే దానికీ చిలుకలకూ ఎంతో ఇష్టం. ఈ రోజుల్లోనే మగ పాలపిట్ట ఆకాశంలోకి ఎగిరి, గిరికీలు కొడుతూ, అరుస్తూ కిందికి దూకుతుంది, ఆ నీలం రెక్కలు అప్పుడు చూడాలి. దసరా నాడు దాన్ని పంజరంలో పెట్టి తిప్పి డబ్బులు తీసుకునేవాళ్లకు దయచేసి పైసా ఇవ్వకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. తెలంగాణ వచ్చాక 2014లో రాష్ట్ర పక్షిగా ఎంచుకున్నది దాన్నే. చేల గట్ల మీద పాత తాటిచెట్లు ఉంచితే మనకు అది పంజరంలో కాదు, తీగ మీద కనిపిస్తుంది.

తేనెపిట్టకు తొర్ర అక్కర్లేదు. మందారం కొమ్మకో, బట్టలారేసే తీగకో, వరండాలో వేలాడే వైరుకో సాలెగూడు దారాలతో, ఎండాకులు, బెరడు ముక్కలతో చిన్న సంచి లాగా అల్లి వేలాడదీస్తుంది, పక్కన గుమ్మం, గుమ్మం మీద చిన్న చూరు. దూరం నుంచి చూస్తే చెత్త చిక్కుకున్నట్టే ఉంటుంది, అందుకే పండుగ శుభ్రంలో చాలా గూళ్లు పోతాయి. ఉగాదికి ఇల్లు దులిపేటప్పుడు బయటి సాలెగూళ్లు కొన్ని వదిలేయండి, గూడు అల్లడానికి తేనెపిట్టకూ, ఆకులు కుట్టే పిట్టకూ అవే దారం. పికిలిపిట్ట గోరింట పొదలో, మందారంలో చేతికందే ఎత్తులోనే పెడుతుంది. గూడు కనిపిస్తే ఆ పొదను నెల రోజులు కత్తిరించకండి, గుడ్డు నుంచి పిల్ల ఎగిరే దాకా దాదాపు అంతే పడుతుంది. మాటిమాటికీ పోయి ఫోటోలు తీయొద్దు, మన వెనకే కాకి చూస్తుంటుంది, పిల్లి వస్తుంది.

పిచ్చుకల కోసం చెక్క పెట్టెలు కడుతున్నారు, మంచి పని. 2010 నుంచి మార్చి 20న పిచ్చుకల దినం చేస్తున్నారు కాబట్టి ఆ రోజు బళ్లలో కూడా పంచుతున్నారు. పెట్టె బొక్క అంగుళంపావు మించకూడదు, మించితే గోరింక దూరుతుంది. ఎండ నేరుగా పడని గోడకు, చేతికందని ఎత్తులో కట్టాలి. యాసంగి వరి కోశాక కంకుల కుచ్చు కట్టి చూరుకు వేలాడదీయడం మన ఇళ్లల్లో ఉన్న అలవాటే, అది మళ్లీ మొదలుపెట్టండి. కానీ ఒక మాట గుర్తుంచుకోండి, పెద్ద పిచ్చుక గింజలు తింటుంది గానీ పిల్లలకు మొదటి రోజుల్లో పెట్టేది పురుగులే. పురుగు లేని పెరట్లో పిచ్చుక పిల్ల బతకదు. అందుకే మందు కొట్టే సంగతి మాట్లాడకుండా పిట్టల సంగతి మాట్లాడలేం.

మాది పత్తి, మిరప పండే నేల. మందు లేకుండా పండించమని రైతుకు చెప్పేంత అధికారం నాకు లేదు, అప్పు తెచ్చి పెట్టిన పంట మీద పురుగు పడితే ఆ టెన్షన్ ఏంటో ఇంట్లో చూశాను. కానీ ఇమిడాక్లోప్రిడ్, థయామిథాక్సామ్ లాంటి మందులు చెట్టు మొత్తానికి పాకి పువ్వులోని తేనెలోకి, పుప్పొడిలోకి కూడా చేరతాయి. తేనెటీగలకు చేస్తున్న చెరుపు చూసే యూరప్ దేశాలు వాటిని 2018లో ఆరుబయట పొలాల్లో వాడకుండా ఆపాయి. చేనులో తప్పనిసరైతే పూత మీద కొట్టకుండా, కొట్టినా పొద్దుగూకాక, తేనెటీగలు తిరగని వేళ కొడితే చాలా ప్రాణాలు మిగులుతాయి. మామిడి నిండు పూత మీద ఉన్నప్పుడు అసలే వద్దు, కాయ పట్టించేవాటిలో ఆ తేనెటీగలు కూడా ఉంటాయి. ఇంటి పెరట్లో మాత్రం ఒక్క చుక్క కూడా వద్దనే నా మాట. నాలుగు వంకాయలు పుచ్చిపోతే పోనివ్వండి. వేపనూనె కూడా పొద్దున పువ్వుల మీద చల్లకండి.

పూల సంగతి పెద్దగా చెప్పక్కర్లేదు. కొత్తిమీర కొంచెం కోయకుండా వదిలితే తెల్లగా పూసి చిన్న చిన్న ఈగలతో నిండిపోతుంది. తులసి, కరివేపాకు, మునగ, నిమ్మ, దానిమ్మ, ఒక చాలు నువ్వులు. బంతిలో ముద్దబంతి కన్నా రేకబంతి మేలు, ఈగకు లోపలికి దారి ఉంటుంది. వేప పూతకు, కానుగ పూతకు మించిన విందు చైత్రంలో ఇంకోటి లేదు, ఆ రెండిట్లో ఒక్క చెట్టయినా ఇంటి దగ్గర ఉంటే చాలు.

నీళ్లు లోతుగా పెట్టొద్దు. మూకుడులో రెండు అంగుళాలు చాలు, అందులో నాలుగు గులకరాళ్లు వేస్తే ఈగ కూడా వాలి తాగి పోతుంది. పాత రోలు ఉంటే అంతకన్నా మంచి తొట్టి లేదు. బర్రెల గోలెం నిండా నీళ్లుంటాయి కదా అనుకోవద్దు, అందులో తేనెటీగలు పడి చస్తుంటాయి, ఒక తాటాకు ముక్కో కట్టెపుల్లో తేలేలా వేయండి. రోజూ పొద్దున పాత నీళ్లు చెట్టుకు పోసి కొత్తవి నింపండి, నిలవుంటే దోమలు పుడతాయి. నీడలో పెట్టాలి, రామగుండం, మంచిర్యాల వైపు మేలో 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి, ఎండలో పెట్టిన నీళ్లు మరిగినట్టే అవుతాయి. పిల్లి దాక్కునే పొద పక్కన మాత్రం పెట్టకండి.

తేనెటీగలంటే ఇష్టంతో కొందరు వెంటనే పెట్టె కొంటామంటున్నారు. తేనె వ్యాపారం వేరే సంగతి, తప్పేం కాదు. కానీ ఆ పెట్టెల్లో చాలావరకు వచ్చేది 1960లలో మన దేశంలో పాతుకున్న యూరప్ ఈగ. పూలు తక్కువ ఉన్న చోట పెట్టెలెక్కువ పెడితే మన ఈగల నోటి దగ్గరిదే అవి తింటాయి. మన పుట్టతేనె ఈగలు, కొమ్మకు చిన్న తుట్టె పెట్టే జుంటీగలు, గోడ సందులో మైనం గొట్టం గుమ్మంగా పెట్టుకునే కుట్టని చిన్న ఈగలు, వీటికి పెట్టె కొనక్కర్లేదు, ఉన్న చోట ఉండనిస్తే చాలు. పెద్ద తేనెటీగలు నీళ్ల ట్యాంకుకో బడి స్లాబుకో తుట్టె పెడితే మాత్రం జాగ్రత్త, అవి గుంపుగా కుడతాయి, ప్రాణం మీదికి వస్తుంది. పిల్లల్ని అటు పోనివ్వకుండా, తెలిసిన తేనె తీసేవాళ్లను పిలవండి. కిరోసిన్, మంట వద్దు. మనుషులు తిరగని ఎత్తులో ఉంటే ముట్టుకోకండి, కొన్ని నెలలుండి అవే వలస పోతాయి.

ఈసారి తొలకరికి మా ప్రహరీ బయట, రోడ్డు వైపు తంగేడు వేద్దామనుకుంటున్నా. కాయలు ఎండి గలగలమంటున్నాయి, ఇప్పుడే తెంపి పెట్టుకోవాలి. గింజ తోలు గట్టిది, ఊరికే వేస్తే చాలాకాలం మొలవదు, కాబట్టి ఇసుకతో కాస్త రుద్ది, రాత్రంతా నీళ్లలో నానబెట్టి, మొదటి గట్టి వాన పడ్డాక వేలు కణుపు లోతున పెట్టాలి. మొలిచాక మేకలు పెద్దగా ముట్టవు, నీళ్లు కూడా మొదటి ఎండాకాలం దాకా పోస్తే సరిపోతుంది. పెద్దవ్వ కూడా వాళ్ల గోడ పొడుగున వేస్తానంది, ఆమెకు సగం గింజలు ఇవ్వాలి.